చలికాలానికి కాలనీ సంఘం ముందుగా ఏ పనులు పెట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. హైదరాబాద్ శివారులో నూట నలభై ఇళ్ల కాలనీ, నడుమ నాలుగైదు అపార్ట్‌మెంట్లు. మీరు కొత్తగా కార్యదర్శి అయ్యారు. నెలకు ఇంటికి 300 రూపాయలు వసూలు చేస్తున్నారు, కొందరు కట్టరు. చలి ముదిరేలోపు సంఘం ఏమేం చేసుకోవాలి? కమిటీలో ఎక్కువమంది ముందు సీసీ కెమెరాలు అంటున్నారు, అది సరైనదేనా? జనరల్ బాడీకి, అంటే సభ్యులందరి సమావేశానికి, జనం రావడం లేదు, వాట్సాప్ గ్రూపులో పెట్టిన సమాచారం ఎవరూ చదవడం లేదు, వాటికేం చేయాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. కెమెరాలు ఈ సీజన్‌లో వద్దు. ఉన్న డబ్బులో మొదటి వాటా రాత్రి కాపలా కాసేవాళ్లకు పెట్టండి. రెండో వాటా వీధి దీపాలకు, మూడోది రాలిన ఆకులు కాల్చకుండా ఎరువు చేసే ఏర్పాటుకు. దోమల పనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, మనుషులు కావాలి. అది మాత్రం ఈ ఆదివారమే మొదలుపెట్టండి.

బ్యాంకు నుంచి రిటైరయ్యాక మా కాలనీ సంఘంలో మొదట కోశాధికారిగా, తర్వాత కార్యదర్శిగా చేశాను. మాదీ మీలాంటి శివారు కాలనీయే. అక్కడ చూసినవీ చేసినవీ చెబుతున్నాను.

కాపలావాళ్ల సంగతి ఎందుకు ముందు పెట్టానో చెప్పాలి. చాలా కాలనీల్లో గేటు గది అంటే రేకుల షెడ్డే. తలుపు పూర్తిగా పడదు, కిటికీకి అద్దం బదులు అట్టముక్క ఉంటుంది. డిసెంబరులో సిటీలోపల రాత్రి 14, 15 డిగ్రీలు ఉన్నప్పుడు పటాన్‌చెరు, రాజేంద్రనగర్ లాంటి శివార్లలో ఇంకా దిగిపోతుంది, కొన్ని రాత్రులు పదికి లోపే. తెల్లవారుజామున మూడింటికి ఆ షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్న మనిషి ఏం చేస్తాడు? రాలిన ఆకులు, అట్టపెట్టెలు, తెగిన చెప్పులు, దొరికితే టైరుముక్క పోగేసి మంట వేసుకుంటాడు. ఆ పొగ మొదటి అంతస్తు పడకగదుల్లోకి పోతుంది. పొద్దున్నే ఎవరో ఫొటో తీసి గ్రూపులో పెడతారు, ఇంకెవరో మందలిస్తారు. మర్నాటి నుంచి ఆయన మంట బయట వేయడం మానేసి, ఇనప బొచ్చెలో నిప్పులు పోసుకుని గదిలో పెట్టుకుని తలుపు వేసుకుంటాడు.

అసలు ప్రమాదం అక్కడుంది. మూసిన గదిలో బొగ్గులో కట్టెలో సరిగా గాలి అందక కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే గట్టిగా అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవాడికి ఒళ్లు బరువెక్కడం, తల తిరగడం కూడా తెలియదు. ప్రతి చలికాలం పేపర్లలో ఇలాంటి వార్త ఒకటైనా వస్తుంది, చదివి పేజీ తిప్పేస్తాం. మన గేటు దగ్గర అది జరగకుండా చూడటం సంఘం బాధ్యత, ఎందుకంటే ఆయన్ని రాత్రి అక్కడ కూర్చోబెట్టింది మనమే.

చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. ఒక్కొక్కరికి మంచి రగ్గు, స్వెటర్, మంకీ క్యాపు, సాక్సులు. కుర్చీకి బదులు నడుం వాల్చడానికి చెక్క బల్ల. టీ కాచుకోవడానికి ఎలక్ట్రిక్ కెటిల్. కిటికీకి అద్దం వేయించండి, కానీ గోడలో పైన ఎవరూ మూయలేని వెంటిలేటర్ ఒకటి తప్పకుండా ఉంచండి. రూమ్ హీటర్ పెట్టాలనుకుంటే ముందు ఎలక్ట్రీషియన్ చేత ఆ గది వైరింగ్ చూపించండి. గేటు గదులకు చాలాచోట్ల పక్కింటి నుంచి లాగిన సన్న వైరే ఉంటుంది, హీటర్ లోడు తట్టుకోదు. గదిలోపల మంట, నిప్పులు, బొగ్గులు ఏవీ ఉండకూడదు. ఈ మాట కాగితం మీద రాసి గోడకు అంటించి ఊరుకోకండి. పక్కన కూర్చుని ఎందుకో చెప్పండి. ఇద్దరు కాపలావాళ్లలో ఒకరికి తెలుగు రాకపోవచ్చు, వాళ్ల భాష వచ్చినవాళ్లను తోడు తీసుకెళ్లండి.

అపార్ట్‌మెంట్లలో సెల్లార్ మూలనో మెట్ల కిందో ఉండే వాచ్‌మెన్ కుటుంబాలను మర్చిపోవద్దు. ఆ గదుల్లో చిన్నపిల్లలు ఉంటారు, ఒక్క కిటికీ కూడా ఉండదు. మా దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో అలాంటి గదికి పైన గోడ పగలగొట్టి జాలీ పెట్టించడానికి రెండు మీటింగులు పట్టింది. బిల్డింగ్ అందం చెడుతుందని ఒకాయన అభ్యంతరం. చివరికి ఆ అంతస్తులో ఉండే ఒక డాక్టరమ్మ లేచి, ఈ గదిలో ఒక రాత్రి తలుపేసుకుని పడుకుని రండి, తర్వాత మాట్లాడదాం అంది. మర్నాడే మేస్త్రీ వచ్చాడు.

ఇదే వరసలో గ్యాస్ గీజర్ల గురించి ఇళ్లవాళ్లకూ చెప్పండి. గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపల ఉండకూడదు. గీజరూ సిలిండరూ బయట గాలి ఆడేచోట ఉండాలి, వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి రావాలి. చలికి వెంటిలేటర్‌ను గుడ్డలతో కుక్కేసే ఇళ్లు నేను చాలా చూశాను.

పొగ సంగతి ఇంకొంచెం వివరంగా చెబుతాను, జనరల్ బాడీలో ఇది అడిగేవాళ్లు తప్పక ఉంటారు. ఎండాకాలంలో ఆకులు కాల్చినా ఇంత ఇబ్బంది ఉండదు కదా, చలికాలంలోనే ఎందుకు అంటారు. చలి రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది. దాని పైన వెచ్చటి గాలి పొర గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. కింది పొగ పైకి పోలేదు. గాలి కూడా పెద్దగా వీచదు. పొద్దున ఎనిమిది, తొమ్మిది దాకా ఆ పొగ మన ముక్కు ఎత్తులోనే తిరుగుతుంది, సరిగ్గా పెద్దవాళ్లు వాకింగ్‌కు, పిల్లలు స్కూలు బస్సుకు బయటికొచ్చే వేళ. ఆస్తమా ఉన్నవాళ్లున్న ఇంటికి వెళ్లి అడిగితే ఈ రెండు నెలలు ఎలా గడుస్తాయో చెబుతారు.

చట్టం కూడా మన వైపే ఉంది. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా అని చెప్పింది. నోటీసులో ఈ ముక్క రాయండి. జరిమానా మాటతోనే సరిపెడితే మాత్రం లాభం లేదు. ఊడ్చే మనిషికి ఆకులు వేసే చోటు చూపించకుండా కాల్చొద్దంటే, ఆమె ఆ కుప్పను ఎక్కడికి మోసుకెళ్లాలి?

పార్కు మూలన ఇనప జాలీతో నాలుగడుగుల వెడల్పున గుండ్రటి పంజరాలు రెండు కట్టించండి. ఆకులు అడుగు మందాన వేసి, పేడనీళ్లో పులిసిన మజ్జిగో చల్లి, మళ్లీ ఆకులు. ఒకటి నిండాక రెండోది మొదలు. పది, పదిహేను రోజులకోసారి తిరగెయ్యాలి, తడి ఆరకుండా చూడాలి. చలిలో కుళ్లడం నెమ్మది, కాబట్టి నాలుగైదు నెలలు పట్టినా కంగారుపడకండి. బాదం ఆకులు మందంగా ఉంటాయి, డిసెంబరు, జనవరిలో ఎర్రబడి కుప్పలుగా రాలతాయి. వాటిని కాస్త తొక్కించి ముక్కలు చేశాకే వేయాలి, లేకపోతే ఒకదానిమీద ఒకటి అట్టలా అతుక్కుని లోపలికి తడి పోదు. ఎండాకాలం ముందు ఆ ఎరువు ఇంటికో సంచి పంచితే, కట్టని చందాలు కూడా కొన్ని వసూలవుతాయి. మా అనుభవం అది.

ఇక దీపాలు. హైదరాబాద్‌లో జూన్ చివర పొద్దు గుంకేది సాయంత్రం 6:50 దాటాక. నవంబరు చివరికల్లా 5:40కే గుంకుతుంది. జనవరిలో సూర్యుడు ఉదయించేసరికి 6:45 దాటుతుంది. వీధి దీపాల టైమర్ ఎండాకాలం లెక్కలోనే ఉండిపోతే సాయంత్రం ఒక ముప్పావుగంట, పొద్దున ఇంకో ముప్పావుగంట కాలనీ చీకట్లో ఉంటుంది. సాయంత్రం చీకటి అందరికీ కనిపిస్తుంది, ఫిర్యాదు చేస్తారు. పొద్దుటి చీకటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలైతే ఆడవాళ్లు ఐదింటికే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేయడానికి వంగుతారు. వీధి వైపు వీపు, మెడలో గొలుసు, దీపం ఆరిపోయి ఉంటుంది. బైకు మీద వచ్చేవాడికి ఇంతకంటే ఏం కావాలి? కెమెరా ఉంటే వాడి వీపు రికార్డవుతుంది. దీపం వెలుగుతూ ఉంటే వాడు ఆ వీధిలోకి రావడానికే జంకుతాడు. కెమెరాల కంటే దీపాలు ముందు అని నేను అనేది ఇందుకే.

చేయవలసింది ఏమిటంటే, ఒక సాయంత్రం, ఒక తెల్లవారుజాము ఇద్దరు కమిటీ సభ్యులు వీధులన్నీ నడిచి, వెలగని స్తంభాల నంబర్లు రాసుకోండి. కొమ్మలు అడ్డొచ్చి వెలుతురు నేలకు దిగనివి వేరే రాయండి, ఎందుకంటే అది దీపాల వాళ్ల పని కాదు, చెట్ల కొమ్మలు కొట్టేవాళ్ల పని. టైమర్ మార్చమని, పొద్దున 6:30 దాకా దీపాలు ఉంచమని మున్సిపల్ వార్డు ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. స్తంభానికే కరెంటు షాకు కొడుతున్నా, వైరు వేలాడుతున్నా అది విద్యుత్ సంస్థ పని, 1912కు ఫోన్ చేయాలి. ఏ పని ఎవరిదో తెలియక తిరిగే కాళ్లరుగుడే కొత్త కార్యదర్శులను సగం విసిగిస్తుంది.

దోమల విషయంలో ఒక అపోహ ఉంది. వానలు ఆగాయి కాబట్టి దోమలు తగ్గుతాయనుకుంటారు. డెంగీ కేసులు అక్టోబరు, నవంబరులో కూడా గట్టిగానే ఉంటాయి. ఆ దోమ పగటిపూట కుడుతుంది, మురుగులో కాదు, ఇంట్లో నిలవ ఉన్న మంచినీళ్లలో పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి నీళ్లు పారబోయడం అంటారు. 2020లో తెలంగాణలో మొదలైన 'ఆదివారం పది గంటలకు పది నిమిషాలు', ఆంధ్రాలో పాటించే శుక్రవారం డ్రై డే, రెండింటి లెక్కా అదే. అందరూ వదిలేసేది ఎయిర్ కూలర్లను. ఎండాకాలం అయిపోయాక బాల్కనీలోనే ఉంటాయి, అడుగున రెండంగుళాల నీళ్లతో. నీళ్లు పారబోస్తే చాలదు, తొట్టి లోపలి గోడలు పీచుతో రుద్దాలి. డెంగీ దోమ గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి ఎండిపోయినా బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. ఖాళీ ప్లాట్లలోని గుంటలు, సగంలో ఆగిన కట్టడాల నీళ్ల తొట్లు సంఘం పని. యజమానులు ఫోన్ ఎత్తకపోతే మున్సిపాలిటీలో దోమల నివారణ చూసే ఎంటమాలజీ సిబ్బందికి చెప్పి మందు వేయించండి. జనవరి తర్వాత వేధించేది వేరే దోమ, నాలాల్లోది. ఇప్పుడు నాలాలో పూడిక తీయిస్తే అప్పుడు సగం బాధ తప్పుతుంది.

కమ్యూనిటీ హాలు ఉందా మీకు? ఉంటే నవంబరు నుంచి సంక్రాంతి దాకా దాని రిజిస్టరు జాగ్రత్తగా చూసుకోండి. అయ్యప్ప స్వాముల పడిపూజలు, కార్తీక దీపాలు, క్రిస్మస్ కూటాలు, డిసెంబరు 31, అన్నీ ఈ రెండు నెలల్లోనే వస్తాయి. ఎవరికి ముందు ఇచ్చారన్న దాని మీద మనసులు విరిగిపోతాయి. ఒకే రిజిస్టరు, ఒకే అద్దె, రాసుకున్న వరసే. మైకు ఎవరిదైనా రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆపేయాలి, మూసిన హాలు లోపలికే వినిపించేదానికి తప్ప ఆ వేళల్లో మైకు వాడకూడదనే 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనలు చెబుతాయి. ఈ నియమం మొదటి బుకింగ్ రాకముందే తీర్మానం చేసి పెట్టుకోండి. బుకింగ్ వచ్చాక చేస్తే అది ఫలానా వాళ్ల మీద చేసినట్టే అవుతుంది.

జనరల్ బాడీకి జనం రారని మీరు రాశారు. కార్తీక వనభోజనాలతో కలపండి. కాలనీ పార్కులో ఉసిరిచెట్టు ఉంటే ఇంకేం కావాలి, లేకపోతే కుండీలో ఉసిరికొమ్మ పెట్టండి. పదిన్నరకు మీటింగు, పన్నెండున్నరకు వడ్డన. లెక్కలు భోజనానికి ముందే చదవాలి, తర్వాత అయితే ఎవరూ కూర్చోరు. కానీ ఒక జాగ్రత్త. మీ సంఘం బైలాస్‌లో, అంటే నియమావళిలో, జనరల్ బాడీకి ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో, కోరం ఎంతో, అంటే కనీసం ఎంతమంది ఉండాలో చూసుకుని, ఎజెండాతో నోటీసు ఇచ్చి, సంతకాలు తీసుకుని, మినిట్స్ రాస్తేనే అది జనరల్ బాడీ. లేకపోతే ఒట్టి విందే, అక్కడ పెంచిన చందా రేపు ఎవరైనా కట్టనంటే మీ దగ్గర చూపించడానికి కాగితం ఉండదు.

ఇక సమాచారం చదవడం లేదన్న సంగతి. మీరు పంపిన నమూనా చూశాను. ఒకే సందేశంలో పన్నెండు విషయాలు, పైన శుభోదయం, కింద అందరికీ విజ్ఞప్తి. ఒక సందేశంలో ఒకే పని ఉండాలి. ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ, ఎవరు, ఇంటివాళ్లు ఏం చేయాలి, అంతే. ఇదిగో మేము వాడేది:

"శనివారం ఉదయం 7 నుంచి 11 వరకు 3, 4 వీధుల్లో చెట్ల కొమ్మలు కొడతారు. కార్లు, బైకులు శుక్రవారం రాత్రే పార్కు పక్కకు తీయండి. ఆ సమయంలో కరెంటు ఉండదు. నీళ్ల మోటారు ముందే వేసుకోండి."

ఇలా రాసినదాన్ని ఏ4 కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో ప్రింటు తీసి గేటు దగ్గర, పాలబూతు దగ్గర, కిరాణా కొట్టు షట్టరు పక్కన అంటించండి. గ్రూపులో లేనివాళ్లు, పనమ్మాయిలు, కాపలావాళ్లు, అద్దెకున్న పెద్దవాళ్లు చదివేది అక్కడే. గ్రూపులో మాత్రం అదే మాట ముప్పై సెకన్ల వాయిస్‌లో పెట్టండి. శుభాకాంక్షలకు, ఫార్వర్డులకు వేరే గ్రూపు పెట్టి, ఈ గ్రూపులో కమిటీ వాళ్లు మాత్రమే రాసేలా మార్చండి. మొదటి వారం అలకలు ఉంటాయి, తర్వాత సర్దుకుంటారు.

కుక్కల గురించి మీరు అడగలేదు కానీ రేపు మీటింగులో తప్పకుండా వస్తుంది. చలికాలంలో పిల్లలు పెట్టిన కుక్కలు ఎక్కువ ఉంటాయి, తల్లి ఎవరినీ దగ్గరికి రానివ్వదు, అక్కడే కరిచే ఘటనలు జరుగుతాయి. కాలనీ కుక్కలకు తిండి ఎక్కడ, ఏ వేళ పెట్టాలో ఏర్పాటు చేసే బాధ్యత 2023 నాటి ఏబీసీ (జంతు సంతాన నియంత్రణ) నిబంధనలు నివాసుల సంఘం మీదే పెట్టాయి. పిల్లలు ఆడే చోటికి, మెట్లకు దూరంగా ఒక మూల నిర్ణయించి, స్టెరిలైజేషన్ కోసం మున్సిపాలిటీ వెటర్నరీ విభాగానికి లిస్టు ఇవ్వండి. కార్లు తీసేముందు కింద ఒకసారి చూడమని చెప్పండి, వెచ్చదనానికి కుక్కపిల్లలు ఇంజిన్ కింద దూరతాయి.

సంక్రాంతికి సగం కాలనీ ఊళ్లకు పోతుంది. జనవరి మొదటి వారంలోనే ఒక రిజిస్టరు తెరిచి, ఏ ఇల్లు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా తాళమో రాయించి, ఆ జాబితా పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. వాళ్లు రాత్రి గస్తీకి అది వాడుకుంటారు. ఊరెళ్తున్నామని గ్రూపులో మాత్రం ఎవరూ పెట్టకూడదు. పాలు, పేపరు ఆపించాలి. బయటి లైటు పగలంతా వెలిగితే అదే తాళం ఉందని చెబుతుంది, కాబట్టి ఆ స్విచ్ పక్కింటివాళ్లకు అప్పగించాలి. భోగిమంట కాలనీ మొత్తానికి ఒకటే, ఖాళీ జాగాలో, కట్టెలు, పిడకలతో. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చేవాళ్లను అక్కడే ఆపే మనిషిని ఒకరిని ముందే పెట్టుకోండి. చైనా మాంజా అమ్మే కొట్టు మీ వీధిలో ఉంటే యజమానికి ముందే చెప్పండి, అది నిషేధం, వినకపోతే పోలీసులకు.

కోస్తాలో ఉండి ఇది చదివేవాళ్లకు ఒక్క మాట. మీకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చలి కంటే ముందు తుపాను ఉంటుంది. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న, మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. మీ జాబితాలో కొమ్మలు కొట్టించడం, వాన కాలవల్లో పూడిక, జనరేటరుకు డీజిలు పైకి రావాలి, మిగతావి తర్వాత.

కెమెరాల విషయం ఫిబ్రవరి కమిటీ మీటింగు ఎజెండాలో పెట్టండి. అప్పటికి చందాలు ఎన్ని వచ్చాయో తెలుస్తుంది, దీపాలు కూడా సరైపోయి ఉంటాయి, చీకట్లో పెట్టిన కెమెరా ఎందుకూ పనికిరాదు. కనీసం మూడు కొటేషన్లు తీసుకోండి. కొనే ధర కాకుండా ఏటా మెయింటెనెన్స్‌కు ఎంత, రికార్డింగ్ ఎన్ని రోజులు నిలుస్తుంది, ఆ పెట్టె ఎవరింట్లో ఉంటుంది, ఎవరు అడిగితే చూపించాలి, ఈ నాలుగూ తీర్మానంలో రాసిన తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.